ఇంజినుకు శాలువా

పాడైపోవడం నేరం అని మా ఎర్రగట్టు ఆరోగ్య వాహన విభాగం పోయిన ఏప్రిల్‌లో తేల్చేసింది. మనుషుల గురించి కాదు. మనుషులు ఎంత పాడైనా వాళ్లకు అభ్యంతరం లేదు. బండ్ల గురించి.

పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. దాని పేరు "సున్నా మరమ్మతుల సంవత్సరం". పదకొండు పేజీలు. ఆఫీసు గుమాస్తాను కనుక నేను మొత్తం చదివాను, చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా. అందులో ఉన్నది ఇంతే. బండిని శ్రద్ధగా చూసుకుంటే పాడవదు. కాబట్టి పాడైందంటే శ్రద్ధ లేదు. కాబట్టి మరమ్మతు కావాలని అర్జీ పెట్టినవాడు తన నిర్లక్ష్యాన్ని తన చేత్తో రాసి సంతకం పెట్టినట్టు. ఏడాది పొడుగునా ఒక్క మరమ్మతు కూడా నమోదు కాని ఆఫీసుకు బంగారు రంగు షీల్డు ఇస్తారు. "బంగారు రంగు" అని వాళ్లే స్పష్టంగా రాశారు, ఎవడైనా బంగారం అనుకుని ఆశపడతాడేమోనని.

ఈ లెక్కలో నాకు తప్పేం కనపడలేదు. రోగుల పేర్లు రాసుకోవడం మానేస్తే జిల్లాలో రోగాలు పోతాయి. ఫిర్యాదుల పెట్టెకు తాళం వేస్తే ఫిర్యాదులు పోతాయి. ఇంత సులువైన పని ఇన్నేళ్లు ఎవరికీ తట్టకపోవడమే విచిత్రం.

సర్క్యులర్ వచ్చిన మర్నాడే సూపరింటెండెంట్ వైకుంఠం గారు షెడ్డులో ఉన్న పానాలు, జాకీ, స్క్రూడ్రైవర్లు అన్నీ ఏరించి బీరువాలో పెట్టించి తాళం వేశారు. బీరువా మీద కాగితం అతికించారు: "మరమ్మతుకు ప్రేరేపించు వస్తువులు".

ఇక బండి సంగతి. ఆఫీసులో ఉన్నవి మూడు బండ్లు. రెండు కొత్తవి. అవి అధికారుల ఇళ్లకూ ఆఫీసుకూ మధ్య తిరుగుతాయి కనుక వాటికి అలసట లేదు. మూడోది పదిహేడేళ్ల పాత డీజిలు బండి. దాని డ్రైవరు పోచమల్లు. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే నలుగురు కిడ్నీ రోగుల్ని ఎక్కించుకుని అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లా కేంద్రానికి డయాలసిస్‌కు తీసుకుపోవడం, సాయంత్రానికి తీసుకురావడం అతని పని. ఆ నలుగురిలో పెద్దది లింగవ్వ. వారానికి రెండుసార్లు యంత్రం ఎక్కితేనే ఆమె ఒంట్లో నీరు దిగుతుంది. ఒకసారి తప్పితే కాళ్లు ఉబ్బుతాయి. రెండోసారి తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరొస్తుంది. మూడోసారి గురించి డాక్టర్లు చెప్పరు.

మే నెల మొదట్లో బండి అరవడం మొదలుపెట్టింది.

"ఓ పోచమల్లూ, ఏమైందిరా గీ బండికి? పీక పిసుకుతున్న కోడి లెక్క మొత్తుకుంటాంది" అంది లింగవ్వ.

"నాకేం ఎరుక అవ్వా. యాకూబ్ భాయ్‌కి చూపెట్టాలె."

యాకూబ్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు మెకానిక్కు. బానెట్ ఎత్తించాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిను ముందుభాగంలో అక్కడక్కడా ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాడు. డాక్టరు గుండె వినేటట్టే విన్నాడు, కాకపోతే ఇతను విన్నాక జవాబు చెప్పాడు.

"పోచన్నా, ఇగో ఈ రబ్బరు బెల్టు సూడు. గిదే నీళ్ల పంపును తిప్పుతది, గిదే బ్యాటరీకి కరెంటిస్తది, గిదే స్టీరింగుకు బలమిస్తది. దీన్ని బిగువుగ పట్టుకుని ఉండేది ఈ టెన్షనర్. దీని స్ప్రింగుల బలం సచ్చింది. పుల్లీ బేరింగు అరిగింది. బెల్టు జారుతాంది, అందుకే అరుపు."

"ఎన్ని రోజులు నడుస్తది?"

"అరిసినన్ని రోజులు నడుస్తది. పుల్లీ పట్టేసిననాడు బెల్టు తెగుతది. ఇంజిను అక్కణ్ణే ఉడుకుతది."

"మార్చరాదు మల్ల?"

"ఈ మోడలు కంపెనోళ్లు ఆపి పదేండ్లాయె. పాత ఇనుప సామాన్ల దుకాణంల ఎతకాలె. దొరికితే ఫోన్ జేత్త. అరచేతిల పట్టే సామాను అన్నా, గంట పని. గప్పటిదాంక బెల్టుకు బట్టల సబ్బు రుద్దు. రెండు గంటలు నోరు మూసుకుంటది."

పోచమల్లు పద్ధతిగల మనిషి. ఇరవై రెండేళ్ల సర్వీసు. సామాను ఆఫీసు తెప్పిస్తే తొందరగా వస్తుంది కదా అనుకుని అర్జీ పెట్టాడు. రాసింది నేనే. "టెన్షనర్ పాడైనది, మార్పించగలరు" అని నాలుగు లైన్లు. వైకుంఠం గారు ఎర్ర పెన్ను తీసి "పాడైనది" అన్న మాట చుట్టూ సున్నా చుట్టారు.

"పాడైందని ఎవలు చెప్పిన్రు?"

"మెకానిక్కు చెప్పిండు సార్."

"మెకానిక్కు చెప్తడయ్యా, వాని బతుకే గది. బండి నడుస్తుందా?"

"నడుస్తాంది సార్."

"నడిచే బండిని పాడైందంటవ్. నీకు బండి మీద ఏమన్న పగనా?"

"రేపో మాపో ఆగిపోతది సార్. పేషెంట్లుంటరు లోపట."

"ఆగినంక రా. ఎందుకు ఆగనిచ్చినవని మెమో ఇస్తా."

"మెమో ఇచ్చినంక టెన్షనర్ ఇస్తరా సార్?"

"నీ జవాబు సంతృప్తికరంగా ఉంటే నిర్లక్ష్యం లేనట్టు. నిర్లక్ష్యం లేకుంటే పాడుకానట్టు. పాడుకాకుంటే టెన్షనర్ ఎందుకు? జవాబు సంతృప్తికరంగా లేకుంటే నిన్ను సస్పెండ్ చేస్తం. డ్రైవరే లేకుంటే టెన్షనర్ ఎందుకు?"

పోచమల్లు బయటికి వచ్చి చెట్టు నీడలో నిలబడ్డాడు. "ఏమన్నడు?" అని అడిగాను. "అంతా నాయంగనే చెప్పిండన్నా. నాకే సమజ్ కాలే" అన్నాడు.

కానీ అర్జీ అనేది ఒకసారి ఆఫీసులోకి పోయాక చావదు. దాని మీద చర్య తీసుకోవాలి. జిల్లా అధికారి శేషఫణి గారు స్వయంగా ముగ్గురు సభ్యులతో "శబ్ద నిర్ధారణ కమిటీ" వేశారు. బండి అరుస్తోందా లేదా అన్నది వాళ్లు వచ్చి, విని, ఏకగ్రీవంగా తేల్చాలి.

ఇక్కడ పోచమల్లు ఒక తప్పు చేశాడు. ఇరవై రెండేళ్లు సర్కారు బండి తోలినవాడు మాత్రమే చేయగల తప్పు. అధికారులు వస్తున్నారంటే తెల్లారకముందే బండి కడిగి, అద్దాలు తుడిచి, నిమ్మకాయ కట్టి, సీటు మీద తెల్ల తువ్వాలు పరచడం అతని ఒంట్లో ఇంకిపోయింది. ఆ ధ్యాసలో బెల్టుకు సబ్బు కూడా రుద్దేశాడు. సార్లు వచ్చినప్పుడు బండి అరిస్తే మర్యాద కాదు కదా.

కమిటీ వచ్చింది. కుర్చీలు వేశారు. బండి స్టార్ట్ చేశారు. బండి పిల్లి కూన లాగా గుర్రుమంటూ నిలబడింది. ముగ్గురూ ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని విన్నారు. ఒకాయన నిజంగానే నిద్రపోయాడు. అప్పుడు గానీ పోచమల్లుకు తాను చేసిందేమిటో తెలియలేదు.

"సార్, సబ్బు పెట్టిన సార్! మరిచిపోయి పెట్టిన! రెండు గంటలు కూసోండ్రి, మల్ల అరుస్తది!"

"ప్రభుత్వ వాహనమునకు సబ్బు పెట్టుట పరిశుభ్రతలో భాగమే. అది లోపం కాదు" అని కమిటీ పెద్ద ఓదార్చాడు.

నివేదిక వచ్చింది. "సదరు వాహనమునందు ఎట్టి శబ్దమూ లేదు. లేని శబ్దము డ్రైవరుకు వినిపించుచున్నందున, అతని చెవులను పరీక్ష చేయించవలెను."

పోచమల్లును చెవుల డాక్టరు దగ్గరికి పంపారు. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయని ఆ డాక్టరు రాసిచ్చాడు. ఆఫీసుకు కొత్త చిక్కు వచ్చింది. చెవులు బాగున్నాయి, శబ్దం లేదు, కానీ వినపడుతోంది. రికార్డులో ఈ మూడూ ఒకచోట ఉండటానికి వీల్లేదు. సాక్షుల్ని పిలవమన్నారు. బండెక్కే నలుగురిలో లింగవ్వ ఒక్కతే మెట్లెక్కి వచ్చింది, మధ్యలో రెండుసార్లు కూర్చుని.

"అవ్వా, మీకు వయసు మీద పడింది. ఆ శబ్దం మీ భ్రమ కావచ్చు గదా?" అని వైకుంఠం గారు మర్యాదగా అడిగారు.

"నాయి కిడ్నీలు పోయినయ్ గని చెవులు పోలే బిడ్డా. నువ్వు పిల్లగానిగ ఉన్నప్పుడు మీ నాయిన గీ బజార్ల నిన్ను తిట్టిన తిట్లు సుత నాకు ఇంకా ఇనవడుతయ్. చెప్పమంటవా?"

వైకుంఠం గారు సాక్ష్యం అక్కడితో ముగించి, సబ్బు లేకుండా రెండోసారి వినడానికి సిఫారసు చేశారు.

ఈసారి శేషఫణి గారే వచ్చారు. పోచమల్లు గుండె రాయి చేసుకుని బండి కడగలేదు, నిమ్మకాయ కట్టలేదు, సబ్బు ముట్టలేదు. తాళం తిప్పగానే బండి వేసిన కేకకు ఆఫీసు గోడ మీది పావురాలు మొత్తం లేచిపోయాయి. వైకుంఠం గారు చెవులు మూసుకుని, పైఅధికారి మూసుకోలేదని గమనించి, చేతులు దించేశారు.

శేషఫణి గారు శ్రద్ధగా విన్నారు. ఆయన మామూలు అధికారి కాదు. ఆయన గదిలో "ప్రతి సమస్యా ఒక అవకాశమే" అన్న బోర్డు ఉంది. ఆ బోర్డు కింద కూర్చుని ఆయన ఏ సమస్యనూ ఇంతవరకూ పరిష్కరించలేదు, అవకాశాలు తగ్గిపోతాయని.

"డ్రైవర్, ఈ శబ్దం చేసుకుంటూ పోతుంటే రోడ్డు మీద జనం ఏం చేస్తున్నారు?"

"పక్కకు తప్పుకుంటాన్రు సార్."

"స్వచ్ఛందంగానా?"

"భయపడి సార్. ఏదో ఊడి మీద పడుతదేమోనని."

"రాసుకోండి వైకుంఠం. ప్రజలు స్వచ్ఛందంగా దారి ఇస్తున్నారు." ఆయన కళ్లు మెరిశాయి. "మనం దీన్ని లోపదృష్టితో చూస్తున్నాం. ఇది లోపం కాదు. ఇది సైరన్. మందుగుండు లేదు, మైకు లేదు, కరెంటు లేదు. వాహనం తన అంతట తానే అభివృద్ధి చేసుకున్న సైరన్!"

వైకుంఠం గారు చప్పట్లు కొట్టారు. పావురాలు మళ్లీ లేచాయి.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. టెన్షనర్ వదులై చేసే అరుపుకు "స్వయంజనిత సహజ సైరన్" అని పేరు పెట్టారు. సబ్బు రుద్దడం నిషేధించారు, అది సైరన్ గొంతు నొక్కడం కిందికి వస్తుంది. మిగతా మండలాల ఆఫీసులకు ఈ నమూనా తెగ నచ్చేసింది. మా బండ్లు ఎందుకు అరవడం లేదు, వాటిని అరిపించే మార్గం ఏమిటి అని ఉత్తరాలు రాశాయి. శిక్షణా తరగతి పెట్టారు. పదకొండు మంది డ్రైవర్లు వచ్చారు. బోధకుడు పోచమల్లు. స్టేజీ ఎక్కించి మైకు చేతికిచ్చారు.

"నేనేం జేయలే. మీరు సుత ఏం జేయకుండ్రి. బానెట్ ఎత్తకుండ్రి, ఏమన్న అయితే అర్జీ పెట్టుండ్రి. ఏడాదిల మీ బండ్లు సుత నేర్సుకుంటయ్" అన్నాడు.

డ్రైవర్లు తలలు వంచుకుని నవ్వు ఆపుకున్నారు. శేషఫణి గారు మాత్రం లేచి నిలబడి "ఇదే మన శాఖ మూలసూత్రం, ఇంత సరళంగా నేను కూడా చెప్పలేకపోయాను" అని పోచమల్లుకు శాలువా కప్పారు. మెరుపు అంచు, గట్టి నేత. ఎర్రటి శాలువా.

ఆ సాయంత్రమే ఆవిష్కరణకు రక్షణ కల్పించారు. బానెట్‌కు రెండువైపులా పురికొస చుట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి, ఆఫీసు ముద్ర గుద్దారు. అనుమతి లేకుండా ఎవరైనా బానెట్ ఎత్తి టెన్షనర్‌ను బాగుచేసి సైరన్‌ను పాడుచేసే ప్రమాదం ఉంది కదా.

సరిగ్గా రెండు రోజుల తర్వాత యాకూబ్ ఫోన్ చేశాడు. సామాను దొరికింది. పాత బండ్ల పాతరలో వెతికి వెతికి, ఊడదీసి, బేరింగు మార్చి, శుభ్రం చేసి తెచ్చాడు. పోచమల్లు బండి తీసుకుపోయాడు. యాకూబ్ లక్క సీలు చూసి నోరు తెరిచాడు.

"ఇదేందన్నా? లోపట ఓట్లున్నయా?"

"సైరన్ ఉందట."

"నేను ఎత్తనా? మల్ల అతికిద్దాం."

"వద్దు భాయ్. ముద్ర పోతే నా నౌకరి పోతది. ఇంకో నాలుగేండ్లుంది."

యాకూబ్ తల కొట్టుకుని టెన్షనర్‌ను న్యూస్ పేపర్లో చుట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. "ఉంచుకో, నీ సార్లకు దయ పుట్టిననాడు పెడుతా" అన్నాడు. పోచమల్లు దాన్ని వెనక సీటు కింద దాచాడు. ఆ రోజు నుంచి లింగవ్వ కూర్చునే సీటు కిందే బండి మందు ఉంది. బండి అరుస్తూనే ఉంది. ఆమె దాని మీదే కూర్చుని డయాలసిస్‌కు పోయి వస్తూనే ఉంది.

షీల్డు ఇచ్చే రోజు వచ్చింది. శుక్రవారం. జిల్లా కేంద్రంలో పెద్ద హాలు. పది గంటలకు సభ. సహజ సైరన్ వాహనాన్ని హాలు ముందు ప్రదర్శనకు పెట్టాలి. అది సభకు సైరన్ వేసుకుంటూ రావాలి, పోచమల్లు శాలువాతో దిగాలి. శుక్రవారం రోగుల్ని తీసుకుపోయే రోజు సార్ అని పోచమల్లు గుర్తుచేస్తే, "లబ్ధిదారులతో సహా రావలెను" అని ఒక వాక్యం కలిపారు.

ఆరింటికి బయల్దేరారు. ఆ వారం మంగళవారం ఆసుపత్రిలో యంత్రం ఖాళీ లేక లింగవ్వను సగంలో దింపేశారు. కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు. మాట్లాడితే ఆయాసం. వెనక సీటుకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. బండి నలభై కిలోమీటర్లు ఆపకుండా కేకలు పెట్టింది. రాళ్ల క్వారీల దగ్గరికి వచ్చేసరికి ఒక్క దెబ్బ వినపడింది. అంతే. అరుపు ఆగిపోయింది.

లింగవ్వ కళ్లు తెరిచింది. "బాగైందారా కొడుకా?"

పోచమల్లు బండిని పక్కకు తిప్పబోయాడు. స్టీరింగు రాయి లాగా బిగుసుకుంది. బ్యాటరీ దీపం వెలిగింది. వేడి ముల్లు లేచి ఎర్ర గీత మీద పడింది. రెండు చేతులతో ఈడ్చి బండిని పక్కకు ఆపాడు. బానెట్ సందుల్లోంచి పొగ. పొగలో లక్క సీలు మెత్తబడి జారుతోంది, కానీ పురికొస మాత్రం గట్టిగానే ఉంది.

ఆ పొద్దుటిపూట ఆ రోడ్డు మీద బస్సు లేదు. వచ్చేవన్నీ రాళ్ల లారీలు. రెండు ఆగాయి. క్యాబిన్ ఎక్కే ఎత్తు చూసి లింగవ్వే వద్దంది. పోచమల్లు వైకుంఠం గారికి ఫోన్ చేశాడు.

"సార్, బెల్టు తెగింది. సీలు తీయాలె. లింగవ్వకు దమ్ము అత్తాంది."

"సీలు తీయాలంటే పెద్దసారు రాతపూర్వక అనుమతి కావాలె. పెద్దసారు సభ ఏర్పాట్లల ఉన్నడు. నువ్వు ఒక అర్జీ రాసి ఫొటో తీసి పంపు. సభ అయినంక పెడుత."

"సభ అయ్యేదాంక ఈమె ఉండదు సార్!"

"గట్ల రాయకు. అర్జీల ఆవేశం ఉండొద్దు."

పోచమల్లు ఫోను పట్టుకుని సీలు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు, ఇంకో నాలుగేళ్లు. లింగవ్వ మెల్లగా దిగింది. బండి పట్టుకుని ఒక్కో అడుగు వేసుకుంటూ ముందుకు వచ్చింది. రోడ్డు పక్క నుంచి పిడికిలంత రాయి ఏరుకుంది.

"అవ్వా, వద్దే!"

"నువ్వు సర్కారు నౌకరోనివిరా. నేను కాదు గద. నాకేం మెమో ఇత్తరు? ఉన్న కిడ్నీలు గుంజుకుంటరా?"

రెండు దెబ్బలు వేసింది. లక్క చిట్లింది. మూడో దెబ్బకు ఓపిక లేక రాయి పోచమల్లు చేతిలో పెట్టి అక్కడే కూర్చుంది. అప్పుడు పోచమల్లు పురికొసను పళ్లతో కొరికి తెంపాడు.

బెల్టు రెండు ముక్కలై ఉంది. కొత్త టెన్షనర్ సీటు కింద ఉంది. బిగించడానికి పానా "మరమ్మతుకు ప్రేరేపించు వస్తువుల" బీరువాలో ఉంది. పోచమల్లు యాకూబ్‌కు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు.

"టెన్షనర్ సంగతి ఇడిసిపెట్టు. నీళ్ల పంపు తిరిగితే సాలు. గట్టి బట్ట ఏమన్న ఉందా? తాడు లెక్క పేని, కింది పుల్లీకి, పంపు పుల్లీకి కలిపి గుంజి కట్టు. ముడి సన్నగుండాలె. ఐదు కిలోమీటర్లు పో, ఆగు, సల్లార్చు, మల్ల కట్టు."

లింగవ్వ తన చీర కొంగు చూపించింది. "అది నూలుదే అవ్వా, ఆగదు" అన్నాడు పోచమల్లు. ముందు సీటు మీద మడత నలగకుండా పెట్టుకున్న ఎర్ర శాలువా తీశాడు. రెండు చేతులా పట్టి తాడు పేనాడు. ఇంజిను చల్లారేదాకా ఆగాడు, క్వారీ కూలీలు తమ తాగునీళ్ల డబ్బాలు తెచ్చి పోశారు. శాఖ వారి సన్మానం ఇంజిను లోపల గిరగిరా తిరుగుతూ ఉండగా బండి కదిలింది.

ఇరవై కిలోమీటర్లకు నాలుగుసార్లు ఆగారు. పదకొండున్నరకు ఆసుపత్రి చేరారు. నలుగురి వంతులూ అయిపోయాయి. నర్సు తిట్టుకుంటూనే యంత్రాలు సర్దింది. నాలుగు గంటలు ఎక్కాల్సినవాళ్లు రెండేసి గంటలే ఎక్కారు. లింగవ్వ బతికింది. ఆమె కాళ్ల వాపు మాత్రం పూర్తిగా దిగలేదు. ఆ వాపు రాయడానికి ఆఫీసు రికార్డులో గడి లేదు.

ఆ సమయానికి హాలులో శేషఫణి గారు షీల్డు అందుకున్నారు. బండి ఎందుకు రాలేదని ఎవరో అడిగితే, "ప్రజాసేవలో నిమగ్నమై ఉంది" అన్నారట. ఆయన జీవితంలో చెప్పిన ఒకే ఒక్క నిజం అది, అదీ తెలియక.

ఆ రాత్రికి బండి అదే శాలువాతో ఆగుతూ ఆగుతూ ఊరు చేరింది. శనివారం మెమో వచ్చింది. సీలు ధ్వంసం. అనధికార మరమ్మతు. శాఖ ప్రదానం చేసిన శాలువాను అవమానించుట. సహజ సైరన్‌ను నిలుపుదల చేయుట. మూడు రోజుల్లో జవాబు. మరమ్మతు జరిగినట్టు రుజువైతే షీల్డు వెనక్కి పోతుంది కనుక పోచమల్లు ఉద్యోగం కూడా దానితోపాటే పోతుంది. లింగవ్వ మీద కూడా ఒక పేరా ఉంది: "సీలు పగులగొట్టిన సదరు రోగి ప్రభుత్వ ఉద్యోగి కానందున, ఆమెపై క్రమశిక్షణా చర్య నిమిత్తం ముందుగా ఆమెను సర్వీసులోకి తీసుకొనవలెనా అను విషయమై స్పష్టత కోరడమైనది."

పోచమల్లు ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "అన్నా, కాళ్లు పట్టుకుంట అని రాయి."

"కాళ్లు వద్దు. వాళ్ల భాషలోనే రాద్దాం" అన్నాను.

జవాబు ఇది. "అయ్యా, నేను ఎట్టి మరమ్మతూ చేయలేదు. పదిహేడేళ్లు సేవ చేసిన ఇంజిను రోడ్డు మీద అలసి నిలబడగా, మన శాఖ ఆనవాయితీని అనుసరించి దానికి శాలువా కప్పి సన్మానించితిని. సన్మానము పొందిన వెంటనే అది విధులకు హాజరైనది. శాలువా అవమానింపబడలేదు, ఉపయోగపడినది. ఇట్లు, విధేయుడు."

రెండు రోజులు ఆఫీసులో లెక్కలు వేశారు. మరమ్మతు అంటే షీల్డు పోతుంది. సన్మానం అంటే ఏదీ పోదు. మూడో రోజు, సోమవారం, శేషఫణి గారు మెమో ఉపసంహరించుకున్నారు. అంతటితో ఊరుకోలేదు, ఆయనకు మళ్లీ అవకాశం కనపడింది. ఆ సాయంత్రమే శాఖ ఆవరణలో "సేవాతత్పర ఇంజినుకు ఘన సన్మానం" ఏర్పాటైంది. షామియానా వేశారు. బానెట్‌ను అధికారికంగా, ఫొటోల నడుమ ఎత్తారు.

"ఇంజినుకు శాలువా కప్పడం తెలిసిన మనిషి కావాలె సార్, కాలుతది" అన్నాడు పోచమల్లు. "పిలిపించండి" అన్నారు శేషఫణి గారు. యాకూబ్ కొత్త చొక్కా వేసుకుని, తన పానాలు, ఒక కొత్త బెల్టు పూలబుట్టలో పెట్టుకుని వచ్చాడు. ఇంజిను మీద కొత్త శాలువా గొడుగులా కప్పాడు. దాని కింద దూరాడు. మైకులో శేషఫణి గారు ఇంజిను సేవల గురించి గంటా పది నిమిషాలు మాట్లాడారు. గంట పని అని యాకూబ్ ముందే చెప్పాడు కదా. చివర్లో తాళం తిప్పారు.

చప్పుడు లేదు. కొత్త బెల్టు, సీటు కింది టెన్షనర్. ఇంజిను నూనె రాసిన తలుపులా తిరిగింది.

వైకుంఠం గారి ముఖం పాలిపోయింది. "సార్, సైరన్ ఏది?"

శేషఫణి గారు ఆలోచించారు. సైరన్ పోయిందని రాస్తే పాడైనట్టు. పాడైతే నిర్లక్ష్యం. నిర్లక్ష్యమైతే షీల్డు. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నారు: "వినపడుతోంది కదా? నాకు వినపడుతోంది."

"నాకు కూడా సార్" అన్నారు వైకుంఠం గారు.

రిజిస్టరులో అలాగే రాశారు. మర్నాడు మంగళవారం పొద్దున నలుగురూ బండెక్కారు. క్వారీలు దాటుతుండగా పోచమల్లు అద్దంలో చూశాడు. లింగవ్వ కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది, ఉబ్బిన కాళ్లు సీటు మీదికి మడుచుకుని. ఇన్ని నెలల్లో ఆ బండిలో ఆమె నిద్రపోవడం అదే మొదలు.

రికార్డుల్లో మాత్రం ఆ బండి ఇవాళ్టికీ అరుస్తూనే ఉంది.